కరెంటు పోతేనే నెట్!

కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది. మోటారు ఆగుతుంది. టీవీలో సీరియల్ సరిగ్గా కథ మలుపు తిరిగే చోట ఆగుతుంది. వాటితోపాటే నెట్ కూడా పోతుంది. బెజవాడలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. సత్యనారాయణపురంలోని ఓ ఇంట్లో మాత్రం 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వ్యవహారం తలకిందులైంది. కరెంటు ఉన్నంతసేపూ నెట్ దోబూచులాడేది. కరెంటు పోయిందా... ఇక దాన్ని పట్టుకునేవాళ్లు లేరు!

ఆ సంగతి కనిపెట్టడానికి ఆ ఇంటివాళ్లకు నెలరోజులు పట్టింది. ఎందుకలా అవుతోందో తేలడానికి ఇంకో మూడు రోజులు. ఈలోగా ఆ ఇంటి ఆడపిల్ల ఉద్యోగం ఊగిసలాటలో పడింది.

ఆమెది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి కాన్పు. పురిటికి పుట్టింటికి వచ్చింది. అప్పటికి అమల్లో ఉన్న, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉండేది. ఆ గడువు తీరాక పనిని బట్టి, సంస్థ ఒప్పుకుంటే ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కూడా అదే చట్టంలో ఉండేది. ఒప్పుకుంటే... అన్నదే అసలు మాట. ఆమె పైఅధికారి ఒప్పుకొన్నారు. ఒకటే షరతు. రోజూ 11 గంటలకు జరిగే సమావేశంలో లైనులో ఉండాలి. ఫిబ్రవరి 19న, ఐదు నెలల పాపను అమ్మ ఒడిలో పెట్టి, హాల్లో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

మొదటి వారంలోనే నాలుగుసార్లు మాట మధ్యలో మాయమైంది. రెండో వారంలో ఎన్నిసార్లో లెక్క లేదు. విచిత్రమేమిటంటే, పూర్తిగా తెగిపోయినట్టు ఎక్కడా కనిపించదు. ల్యాప్‌టాప్ మూలన వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. ‘కనెక్ట్ అయింది’ అని రాసి ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాలతో ‘ఇంటర్నెట్ లేదు’ అని! గుమ్మం తీసి ఉండి, లోపల మనిషి లేనట్టు.

‘ఫోన్‌లో డేటాతో నడిపించుకోవచ్చుగా’ అన్నారు తెలిసినవాళ్లు. అదీ చూసింది. పాత ఇల్లు, మందపాటి గోడలు. లోపలికి సిగ్నల్ అంతంతమాత్రం. రోజుకిచ్చే డేటా మధ్యాహ్నానికే ఖాళీ. వీడియో సమావేశం అంటే మరి నీళ్లలా తాగేస్తుంది.

‘సాఫ్ట్‌వేర్ పిల్లకు ఆ మాత్రం బాగుచేసుకోవడం రాదా?’ అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె రాసేది బ్యాంకు లెక్కల ప్రోగ్రాములు. బస్సు నడిపేవాళ్లందరూ ఇంజన్ విప్పగలరా ఏమిటి!

మార్చి రెండో వారంలో పైఅధికారి మర్యాదగానే చెప్పారు. ‘నెలాఖరుదాకా చూద్దాం. కుదరకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి ఆఫీసుకు వచ్చేయండి’ అని. అంటే పాలు తాగే పిల్లను వదిలి వెళ్లాలి. లేదా ఉద్యోగం వదులుకోవాలి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

దిష్టి, కోతులు, ఫ్రిజ్జు

నెట్ పోవడానికి కారణాలు చెప్పమంటే మన దగ్గర ప్రతివాళ్లూ ఇంజనీర్లే. ఎదురింటాయన కోతులే తీగలు కొరికేశాయన్నారు. పక్క వీధిలో లేచిన అపార్ట్‌మెంట్ సిగ్నల్‌కి అడ్డం పడిందన్నారు ఇంకొకరు. అమ్మగారి లెక్క వేరు. పాపకు పాలివ్వడానికి కూతురు లేచి వెళ్లొచ్చిన ప్రతిసారీ నెట్ పోతోంది. చూశారా, పసిపిల్ల దిష్టి! అంతే, రూటర్‌కి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టేశారు. (ఆ మాట నవ్వుకునేది కాదని తర్వాత తేలింది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, పాలివ్వడానికి లేవడానికీ నెట్ పోవడానికీ సంబంధం నిజంగానే ఉంది.)

కేబుల్ కుర్రాడు మూడుసార్లు వచ్చాడు. పాపం, అతని పని అతను సక్రమంగానే చేశాడు. ఫైబర్ తీగలో నడిచేది కరెంటు కాదు, వెలుతురు. అది ఎంత బలంగా వస్తోందో చూసే చిన్న మీటరు అతని దగ్గర ఉంటుంది. మైనస్ 27 దాటి కిందకు జారితే ఇబ్బంది. ఇక్కడ మైనస్ 19 చూపించింది. పెట్టె మీద ఎర్రలైటు కూడా వెలగడం లేదు. హాల్లో వైరుతో కలిపిన పాత కంప్యూటర్‌లో వేగం చూస్తే సెకనుకు 94 మెగాబిట్లు. ‘లైను బంగారంలా ఉంది సార్’ అని పెట్టె ఒకసారి ఆపి, మళ్లీ వేశాడు. ల్యాప్‌టాప్‌లో నెట్ వచ్చేసింది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, పోయింది.

ఇంటర్నెట్ మనకు కొత్తదేమీ కాదు. దేశంలో జనానికి అది అందింది 1995 ఆగస్టు 15న. అప్పట్లో నెట్ పెట్టుకుంటే ఇంట్లో ఫోన్ పనిచేసేది కాదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఆ బాధ తప్పింది. అయితే వానొస్తే రాగి తీగలో గరగర, దాంతోపాటే నెట్ నీరసం. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలయ్యాక కరెంటు స్తంభాల మీదుగానే పల్లెపల్లెకూ వెలుతురు తీగ వెళ్లింది. ప్రైవేటు ఆపరేటర్లూ పోటీపడ్డారు. తీగలో రోగాలు తగ్గాయి. ఇప్పుడు రోగమంతా ఇంట్లోకి వచ్చిన తర్వాతే. గోడలు, గదులు, పెట్టెలు, అవి మాట్లాడుకునే తీరు... వీటిని చూసే వైద్యుడే ఎవరూ లేరు. కేబుల్ మనిషి పని గుమ్మం దగ్గరే అయిపోతుంది.

గేజి పుస్తకం

ఇంటాయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. బందరు కాలువ మీద, దాని పిల్ల కాలువల మీద ముప్పయ్యేళ్లు సైకిలు తొక్కిన మనిషి. ఆయనకు రూటర్ గురించి ఏమీ తెలియదు. కానీ శివారు రైతు నీళ్లు రాలేదని వచ్చి గోల పెడితే ఏం చెయ్యాలో బాగా తెలుసు.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పటి నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా కృష్ణా డెల్టాలో ఇదే తగాదా. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. తలకాలువలో నీళ్లు నిండుగా ఉంటాయి. శివారు పొలం మాత్రం నెర్రెలిచ్చి ఉంటుంది. ఆఫీసులో కూర్చుని ‘కాలువలో నీళ్లున్నాయిగా’ అంటే రైతు ఊరుకోడు. మొదట గేజి పుస్తకం చూడాలి. ఏ రోజు, ఏ వేళ, ఎంత మట్టం ఉందో కళ్ల ముందుండాలి. ఆ తర్వాత గట్టు వెంట నడవాలి. ఒక్కో తూము మూసి చూస్తూ పోవాలి.

ఆయన పాత డైరీ ఒకటి తీసి గీతలు కొట్టారు. తేదీ. వేళ. నెట్ ఉందా, లేదా. ఎవరి దగ్గర పోయింది. ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోంది. కరెంటు ఉందా, లేదా. ‘నాన్నా, ఇదేమన్నా కాలువా?’ అని కూతురు విసుక్కుంది. ఆయన మాట్లాడలేదు, రాసుకుంటూ పోయారు.

పదిరోజులు తిరిగేసరికి పుస్తకం కొన్ని సంగతులు చెప్పింది. హాల్లో పాత కంప్యూటర్‌లో ఒక్కసారి కూడా పోలేదు. అమ్మగారి ఫోన్‌లో తరచూ పోతోంది. అయితే పోయినప్పుడల్లా అది తనంతట తానే సిమ్ డేటాకు మారిపోతోంది కాబట్టి ఆవిడకు ఇన్నాళ్లూ తెలియనే లేదు. ల్యాప్‌టాప్‌లో పని చేస్తుండగా పోవడం అరుదు. మూసి, తెరిచినప్పుడే ఎక్కువ. పాప ఏడిస్తే ఆమె ల్యాప్‌టాప్ మూసి లేస్తుంది. పాలిచ్చి వచ్చి తెరుస్తుంది. అప్పుడు పోతోంది! అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం.

మార్చి 20, బుధవారం. చెట్ల కొమ్మలు కొట్టడానికి ఉదయం 9 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా సరఫరా ఆపేశారు. ఇన్వర్టర్ మీద హాల్లో రూటర్, రెండు ఫ్యాన్లు నడుస్తున్నాయి. ఆ నాలుగ్గంటల్లో కూతురు మూడుసార్లు పాలివ్వడానికి లేచింది. మూడుసార్లూ తెరవగానే నెట్ ఉంది. సమావేశం ఆసాంతం సాగింది. కరెంటు వచ్చిన పది నిమిషాలకు మళ్లీ మామూలే.

ఆయన పుస్తకం వెనక్కి తిప్పారు. అంతకుముందు నాలుగుసార్లు కరెంటు పోయింది. నాలుగుసార్లూ నెట్ ఉంది. ‘కరెంటు ఉంటే బతికే దయ్యమేదో ఇంట్లో ఉంది’ అన్నారు.

దయ్యం కాదు, ఫ్రిజ్జు అనుకున్నారు మొదట. ఆ అనుమానం మరీ పిచ్చిదేమీ కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబర్‌హోసన్ అని ఓ చిన్న ఊరుంది. ఏడాదిన్నరపాటు అక్కడ రోజూ ఉదయం 7 గంటలయ్యేసరికి ఊరంతటికీ బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. తీగలు మార్చారు. అయినా అంతే. చివరికి 2020లో ఇంజనీర్లు తెల్లవారుజామునే పరికరాలు పట్టుకుని ఊళ్లో తిరిగారు. సరిగ్గా ఏడింటికి ఓ ఇంట్లోంచి విద్యుత్ రొద మొదలైంది. ఆ ఇంటివాళ్లు పొద్దున్నే పెట్టే పాత టీవీ అది! ఆ రొద రాగి తీగల్లోకి పాకి ఊరినంతా ముంచింది. ఫైబర్ తీగకు ఆ భయం లేదు. ఇంట్లో వైఫైకి మాత్రం ఉంది. మైక్రోవేవ్ అవెన్‌దీ, పాత వైఫైదీ ఒకటే తరంగాల ఇలాకా... 2.4 గిగాహెర్ట్జ్.

తూములు మూస్తూ...

ఆయన మెయిన్ బోర్డు దగ్గర కుర్చీ వేసుకున్నారు. ఒక్కో మీట కిందకు దించడం, కూతురు ల్యాప్‌టాప్ మూసి తెరవడం. ‘ఒకసారి చూస్తే చాలదు, ఐదుసార్లు చూడు’ అన్నారు. వచ్చీపోయే జబ్బుకు అదొక్కటే మందు. ఒకసారి చూసి బాగుందనుకునే కదా అంతకుముందు అందరూ మోసపోయింది!

ఫ్రిజ్జు ఆపారు. రెండోసారికే నెట్ పోయింది. ఏసీ ఆపారు. అంతే. నీళ్ల మోటారు, గీజరు... తేడా లేదు. ఆఖరున మేడ మీద గదుల మీట దించారు. ఐదుకి ఐదుసార్లూ నెట్ ఉంది. నమ్మకం కుదరక ఇంకో ఐదు. ఉంది! మీట మళ్లీ ఎత్తారు. రెండోసారికి పోయింది.

మేడ మీద ఎవరుంటున్నారని? ఎవరూ లేరు. తాళం. 2020 లాక్‌డౌన్‌లో కొడుకు అక్కడ కూర్చుని పనిచేసేవాడు. తర్వాత కెనడా వెళ్లిపోయాడు. తాళం తీసి చూస్తే బీరువా పక్కన, ఉత్తుత్తి ఖాళీ గదిలో, పచ్చలైట్లు మిణుకుమిణుకుమంటూ ఓ పాత రూటర్! కింది పెట్టె నుంచి మెట్ల పక్కగా ఓ తీగ పైదాకా వచ్చి అందులో దూరి ఉంది. అందరూ దాన్ని మర్చిపోయారు. అది మాత్రం ఎవర్నీ మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున్నే ఏడింటికి కొడుక్కి ఫోన్ చేశారు. అక్కడ రాత్రి. అతను విని, ‘నాన్నా, తీగ నీలం రంధ్రంలో ఉందా, పసుపు రంధ్రంలో ఉందా?’ అని అడిగాడు.

‘పసుపు.’

‘నేను నీలంలో పెట్టానే!’

సంక్రాంతికి ముందు ఇంటికి సున్నాలు వేయించారు. గోడకు రంగు వేయాలంటే సామానంతా జరపాలి. తీగ పీకారు. పని అయ్యాక ఎవరో మళ్లీ పెట్టారు. ఐదు రంధ్రాలూ ఒకే కొలత, ఒకే ఆకారం. పక్కదాన్లో పడింది. జనవరిలో అయిన ఆ పనికి ఫలితం ఫిబ్రవరి దాకా బయటపడలేదు. అప్పటిదాకా ఆ ఇంట్లో నెట్‌తో అంత అవసరం ఎవరికుంది?

రంధ్రం మారితే ఏమైంది? దీనికి బెజవాడ డోర్ నంబర్లే ఉదాహరణ. మన ఇళ్లకు మూడు ముక్కల నంబరున్నట్టే నెట్‌లోకి వెళ్లే ప్రతి పరికరానికీ నాలుగు ముక్కల నంబరు ఉండాలి. అది ఫోన్‌లో పుట్టుకతో రాదు. వైఫైలో చేరగానే ‘నాకో నంబరివ్వండి’ అని ఫోన్ కేకేస్తుంది. రూటర్ ఇస్తుంది. దాంతోపాటే ‘ఊళ్లోంచి బయటకు పోవాలంటే ఈ గుమ్మంలోంచి వెళ్లు’ అని దారి చూపిస్తుంది. డీహెచ్‌సీపీ అనే ఈ పద్ధతి 1993 నుంచి ఉంది. ఇంట్లో నంబర్లిచ్చే పెద్ద ఒక్కరే ఉన్నంతకాలం హాయిగా సాగిపోతుంది.

కింది రూటర్ 192.168.1 తో మొదలయ్యే నంబర్లు ఇస్తుంది. మేడ మీదిది 192.168.0 తో మొదలయ్యేవి. తీగ నీలం రంధ్రంలో ఉన్నప్పుడు పై రూటర్ తన గదివరకే పెద్ద. కిందవాళ్ల కేకలు దానికి వినిపించవు. పసుపు రంధ్రంలో పెట్టేసరికి రెండిళ్ల మధ్య గోడ కూలిపోయినట్టయింది. కింద ల్యాప్‌టాప్ కేకేస్తే పైనుంచి కూడా ‘ఇదిగో నంబరు’ అని జవాబు! ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరే ఖాయం. కిందది పలికిందా, నెట్ ఉంటుంది. పైది పలికిందా, అది చూపించే గుమ్మంలోంచి బయటకు దారే లేదు. నీలం రంధ్రం ఖాళీ కదా మరి!

ఆయనకు ఇది ఇట్టే అర్థమైంది. ‘ఒక బోదె మీద ఇద్దరు లస్కర్లన్నమాట’ అన్నారు. ఒకడు తూము ఎత్తమంటాడు, ఇంకొకడు దించమంటాడు. మధ్యలో రైతు పొలం ఎండుతుంది.

మిగతా ముడులన్నీ వాటంతటవే విడిపోయాయి. ల్యాప్‌టాప్ మూస్తే నిద్రపోతుంది, తెరిస్తే లేచి మళ్లీ కేకేస్తుంది. అందుకే పాలిచ్చి వచ్చినప్పుడల్లా జూదం. హాల్లో పాత కంప్యూటర్‌కు కొడుకు ఎప్పుడో నంబరు చేత్తో రాసిపెట్టాడు. అది ఎవర్నీ అడగదు, అందుకే దానికి జబ్బు సోకలేదు. కేబుల్ కుర్రాడు వేగం చూసింది దాన్లోనే. మరి కరెంటు పోతే? మేడ మీదకు ఇన్వర్టర్ లైను లేదు. అక్కడి రూటర్ ఆగిపోతుంది. పైగా ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటులో కింది రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అందరూ కొత్తగా నంబరు అడుగుతారు. ఇచ్చేది ఒక్కరే. కరెంటు వచ్చాక మళ్లీ ఇద్దరు.

మీ ఇంట్లోనూ వైఫై గుర్తు నిండుగా ఉండి నెట్ లేకపోతే, పెట్టెను పదిసార్లు ఆపి వేసే ముందు ఓ పని చేయొచ్చు. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో ఐపీ నంబరు కనిపిస్తుంది. నెట్ ఉన్నప్పుడు ఒకసారి, పోయినప్పుడు ఒకసారి రాసుకోండి. మూడో ముక్క మారిందంటే ఇంట్లో రెండో పెద్ద ఉన్నట్టే. పాత రూటర్, సిగ్నల్ పెంచుతుందని కొన్న చిన్న పెట్టె, పై వాటాలో వాళ్లకు మీరే ఇచ్చిన తీగ... వీటిలో ఏదో ఒకటై ఉంటుంది. నంబరు మారకపోతే జబ్బు వేరు, వెతకాల్సిన చోటూ వేరు.

కొడుకు ఫోన్‌లో చెబుతుండగా ఆయనే తీగ పీకి నీలం రంధ్రంలో పెట్టారు. టప్‌మని చప్పుడయింది. ఆ రోజూ మర్నాడూ ల్యాప్‌టాప్ మూసి తెరిచి, మూసి తెరిచి చూశారు. అమ్మగారు నిమ్మకాయ మాత్రం తియ్యనివ్వలేదు. సోమవారం 11 గంటల సమావేశంలో పాప గొంతు కూడా వినిపించిందట. ఎవరూ ఏమీ అనలేదు. ఏప్రిల్ ఒకటిన కూతురు హైదరాబాద్ బస్సెక్కలేదు.

సున్నాలు వేసినప్పుడు మిగిలిన నీలం రంగు డబ్బా మేడ మీదే ఉంది. ఆయన కుంచెతో ఆ తీగ చివర జానెడు మేర నీలం పూశారు. తర్వాత కిందకొచ్చి డైరీలో ఆఖరి గీత కింద రాశారు... ‘23-3-2024. పై రూటరు తీగ సరిచేయడమైనది. మట్టం మామూలు.’